ఉగాది సభలో మన దీవుల సైక్లిస్టులకు సన్మానం: పిల్లలకు వాళ్ల గురించి ఏం చెప్పాలి?

ప్రశ్న: శారద, జంగ్లీఘాట్

అందరికీ నమస్కారం. మా అండమాన్‌లో ఊరి పేరు శ్రీ విజయపురం అయి ఏడాది దాటినా నా నోటికి ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే వస్తోంది, ఏమనుకోకండి. మా నాన్నగారిది సోంపేట పక్కన పల్లె. విశాఖలో ఓడెక్కి చేపల వేటకని ఇక్కడికొచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడిపోయారు. నేను పుట్టింది, చదివింది, ఇప్పుడు పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నది అంతా జంగ్లీఘాట్‌లోనే.

ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది సభలో ఈసారి పిల్లల కార్యక్రమం నాకు అప్పగించారు. ఏటా ఉండేదే: పంచాంగ శ్రవణం, డాన్సులు, పద్యాల పోటీ, చివర్లో మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన అతిథికి శాలువా. ఈసారి అతిథి ఎవరన్న మాట వచ్చినప్పుడు నేను అడ్డం పడ్డాను. మన దీవుల్లో పుట్టి ప్రపంచ పోటీల దాకా వెళ్లిన సైక్లిస్టులు ఉండగా బయటివాళ్లు దేనికి? డెబొరా హెరాల్డ్, ఎసో ఆల్బెన్, డేవిడ్ బెక్‌హామ్ ముగ్గురూ కార్ నికోబార్ దీవి పిల్లలే. వీలైతే పిలుద్దాం, రాలేకపోతే ఫొటోలు పెట్టి వాళ్లేం చేశారో చెప్పి గౌరవిద్దాం అన్నాను. చాలామంది సరే అన్నారు. ఒక పెద్దాయన మాత్రం "వాళ్లు నికోబారీలు కదమ్మా, మన తెలుగు సభలో ఎందుకు? మన పిల్లల్లో ఎవరైనా ఉంటే చూడు" అన్నారు. ఆయన మంచివారే, కోపంతో అన్న మాట కాదు. నాకే వెంటనే జవాబు దొరకలేదు.

ఇంకో చిక్కుంది. కమిటీలో ఒకరు ప్రసంగం రాసిచ్చారు. అందులో సగానికి పైగా సునామీయే. చెట్టు మీద చిన్న పిల్ల, మునిగిపోయిన ఊళ్లు, ఆకలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అంతా విని, "సరే గానీ అమ్మా, ఆవిడ గెలిచిందేంటి?" అంది. నిజమే, కాగితంలో ఆ సంగతి ఒక్క వాక్యం ఉంది, అది కూడా "ఎన్నో పతకాలు సాధించి" అని.

ఆటల గురించి తెలిసినవాళ్లు, కార్ నికోబార్‌లో ఉండి వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. పిల్లలకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి? ఆ పెద్దాయనకు ఏం జవాబివ్వాలి? పిలవాలంటే ఎలా పిలవాలి? దయచేసి చెప్పండి.


జవాబు: డ్రిల్లు మాస్టారు, కంచిలి

శారదమ్మా, మీ అమ్మాయికి నా ఆశీస్సులు. అడగాల్సిన ప్రశ్న అదే. నా జవాబంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నేను అండమాన్ స్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. డెబొరా గానీ మిగతా ఇద్దరు గానీ నా దగ్గర ఆడినవాళ్లు కారు, ఆ సంగతి ముందే చెబుతున్నా. కానీ వాళ్ల ఊరి పిల్లల్ని ఏళ్ల తరబడి చూశాను. దీవుల మధ్య స్కూలు పోటీలు జరిగితే కార్ నికోబార్ జట్టు ఓడ మీద రావాలి. రెండు వందల డెబ్భై కిలోమీటర్ల సముద్రం. రాత్రంతా ఓడ ఊగుతుంది. తెల్లారి హడ్డో జెట్టీలో దిగేసరికి సగం మంది పిల్లలు వాంతులతో వాలిపోయి ఉండేవారు. ఏదో స్కూల్లో బెంచీలు పక్కకు నెట్టి అక్కడే పడక. సాయంత్రానికి అదే పిల్లలు గ్రౌండులో దిగి మా పోర్ట్ బ్లెయిర్ పిల్లలకు చుక్కలు చూపించేవారు. కాళ్లకు బూట్లుండవు. లాంగ్ జంప్ పిట్ దగ్గర నిలబడి చూస్తే ఆ పరుగులో ఎక్కడా తడబాటు ఉండేది కాదు. పలకను తొక్కిన పాదం తొక్కినట్టే గాల్లోకి లేచేది. డెబొరా కూడా ముందు లాంగ్ జంపరే, సైకిలు తర్వాత వచ్చింది. ట్రాక్ సైక్లింగులో నిలబడ్డ చోటి నుంచి ఒక్కసారిగా బలం తీయాలి. లాంగ్ జంపర్ కాళ్లలో ఆ గుణం ముందే ఉంటుంది. కాబట్టి ఆవిడ ఆట మార్చిందని నేను అనుకోను. అదే బలాన్ని చక్రానికి మళ్లించింది.

ఇప్పుడు ఆవిడ గెలిచిందేంటో చెబుతాను, కాగితంలో ఇది ముందు రాయండి. డెబొరా హెరాల్డ్ 1995లో పుట్టింది. ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియంలో ఉన్న వెలోడ్రోమ్‌లో, అంటే సైకిలు పందేల ట్రాకులో, శిక్షణ. ఆవిడ ముఖ్యమైన పోటీ 500 మీటర్ల టైమ్ ట్రయల్. 2015 చివర్లో ఆ పోటీ ప్రపంచ ర్యాంకింగుల్లో నాలుగో స్థానానికి చేరింది. అంతకు ముందు మన దేశం నుంచి ఏ మహిళా సైక్లిస్టూ అంత పైకి వెళ్లలేదు. ఆ తర్వాత 2018 కామన్వెల్త్ క్రీడలకు, అదే ఏడాది ఏషియన్ గేమ్స్‌కు భారత జట్టులో వెళ్లింది.

"నాలుగో స్థానం" అంటే పిల్లలకు చప్పగా అనిపిస్తుంది, పతకం కాదు కదా అంటారు. అందుకని ఆ పోటీ ఎలా ఉంటుందో చెప్పాలి. ఒకసారి స్కూలు పిల్లల్ని తీసుకుని ఢిల్లీ వెళ్లినప్పుడు గ్యాలరీలో కూర్చుని ప్రాక్టీసు చూశాను. ట్రాకు మొత్తం చెక్క, ఒక చుట్టు 250 మీటర్లు. మలుపుల దగ్గర గోడలాగా లేచి ఉంటుంది. సైకిలు వెనక చక్రాన్ని ఒక మిషను పట్టుకుని ఉంచుతుంది. పైన అంకెలు తగ్గుతూ ఉంటాయి, బీప్, బీప్ అని. రైడరు సీటు మీంచి లేచి, నడుము వెనక్కి లాగి, ఆఖరి బీప్‌కు మిషను వదిలేసే క్షణంలో ఒళ్లంతా ముందుకు విసురుతుంది. మొదటి రెండు మూడు తొక్కుళ్లు చూస్తే నొప్పి మనకు పుడుతుంది. గేర్లు లేవు, పెద్ద గేరు ఒక్కటే, దాన్ని నిలబడ్డ చోటి నుంచి కదపాలి. మొదటి మలుపు దాటేసరికి చెక్క మీద టైర్ల హోరు మొదలవుతుంది. రెండు చుట్లు, అంతే. ముప్పై అయిదు, ముప్పై ఆరు సెకన్ల పని. పక్కన పోటీకి మనిషి ఉండదు, వెనక తరిమేవాళ్లు ఉండరు. దిగాక ఆ అమ్మాయిలు నిలబడలేక రెయిలింగు పట్టుకుని వంగిపోయి ఉంటారు. ఆ ముప్పై అయిదు సెకన్ల కోసం ఇల్లు, ఊరు, సముద్రం, తిండి అన్నీ వదిలి ఢిల్లీ చలిలో ఏళ్లు గడిపింది ఒక నికోబారీ అమ్మాయి. నాకైతే పెద్ద సంగతి ఇదే.

సునామీ చెప్పొద్దా? చెప్పాలి, దాచడానికి లేదు. 2004 డిసెంబరు 26న ఆవిడకు తొమ్మిదేళ్లు. నీళ్లు ఊరిని ముంచితే చెట్టు పట్టుకుని రోజుల తరబడి ప్రాణాలు నిలుపుకుంది. ఎసోకు మూడేళ్లు, బెక్‌హామ్‌కు ఏడాది. బెక్‌హామ్ తాత పెంపకంలో పెరిగాడు. ఇవన్నీ వాళ్లు ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నవే. అయితే రెండు వాక్యాలు చాలు. ఆ రోజు సముద్రం చేసింది వాళ్లు కోరుకున్నది కాదు, అందులో వాళ్ల ఘనత ఏమీ లేదు. ట్రాకు మీద చేసింది మాత్రం పూర్తిగా వాళ్లదే. పిల్లలు ఇంటికి వెళ్లి "పాపం" అనకూడదమ్మా, "అబ్బ!" అనాలి. పైగా మీ సభలో కూర్చున్న వాళ్లలో ఆ రోజు మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. ఆ రోజుల్లో మేం స్కూలు గదుల్లోనే నిర్వాసితుల క్యాంపు నడిపాం. ఆ గదుల్లో చూసిన ముఖాలు గుర్తుంటే ఎవరూ మైకు ముందు ఆ కథను సాగదీయలేరు.

ఇక ఆ పెద్దాయనకు జవాబు. మన జంగ్లీఘాట్ కుర్రాడు నేషనల్స్‌కు వెళ్తే వేసుకునే జెర్సీ మీద ఏముంటుంది? అండమాన్ నికోబార్ అని ఉంటుంది. డెబొరా వేసుకున్నదీ అదే జెర్సీ. ఒకే రైలు పెట్టెలో, ఒకే క్యారేజీలో అన్నం పంచుకుని వెళ్లిన పిల్లలు వీళ్లు. మనం ఓడెక్కి వచ్చినవాళ్లం, ఈ నేల వాళ్లది. మన పండగ రోజున ఈ నేల బిడ్డలకు పీట వేయడం మన మర్యాద. ఆయన అడిగిన "మన పిల్లల్లో ఎవరైనా" అన్న మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఎసో, బెక్‌హామ్ పైకి రావడానికి డెబొరా వాళ్ల ముందు ఉండటం ఒక కారణం. ఊళ్లో ఒక అక్క వెళ్లి చూపిస్తే మిగతా పిల్లలకు దారి తెలుస్తుంది. సెలెస్టినా చెలోబ్రాయ్ అని ఆ తర్వాత దీవుల నుంచి వచ్చిన అమ్మాయి పేరు కూడా చేర్చండి. మన తెలుగు పిల్లలూ ఆ దారిలో నడవాలంటే ముందు ఆ అక్క పేరు వాళ్లకు తెలియాలి కదా.


జవాబు: ఫిక్సీ రమేశ్, తార్నాక

మాస్టారూ, ఆ స్టార్టు గురించి మీరు రాసింది చదువుతుంటే నా తొడలు బిగుసుకున్నాయి. నేను ఉస్మానియా క్యాంపస్‌లో ఉన్న వెలోడ్రోమ్‌లో తొక్కినవాణ్ని. 2002లో నేషనల్ గేమ్స్ హైదరాబాదులో జరిగినప్పుడు కట్టారు. మాది సిమెంటు ట్రాకు, ఎండకు సెగలు కక్కుతుంది. ఢిల్లీది 2010 కామన్వెల్త్ క్రీడలప్పటి చెక్క ట్రాకు, పైకప్పు కింద.

శారద గారూ, పిల్లలకు మొదట ట్రాక్ సైకిలు గురించి ఒక మాట చెప్పండి, వాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. దానికి బ్రేకులు ఉండవు. ఫ్రీ వీల్ కూడా ఉండదు, చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, కాళ్లు ఆపడానికి వీల్లేదు. వేగం తగ్గించాలంటే పెడల్‌ను కాలితో వెనక్కి అదిమి పట్టాలి, లేదా ట్రాకు పైకెక్కాలి. మలుపుల్లో 42 డిగ్రీల దాకా వాలు ఉంటుంది. నెమ్మదిగా వెళ్తే జారి పడతాం, వేగంగా వెళ్తేనే నిలబడతాం. నాకు తెలిసిన రోడ్డు సైక్లిస్టులు, వందల కిలోమీటర్లు తొక్కేవాళ్లు, మొదటిసారి ఆ వాలు ఎక్కడానికి భయపడి కింద నీలం పట్టీ మీదే తిరుగుతారు.

ఎసో గురించి మాస్టారు వదిలేశారు కాబట్టి అది నేను రాస్తాను. ఇష్టమైన సంగతి, కాస్త పెద్దదవుతుంది.

2018 ఆగస్టులో స్విట్జర్లాండులో ఏగ్ల్ అనే ఊళ్లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఎసో దిగింది కైరిన్ అనే పోటీలో. జపాన్‌లో పందేల కోసం మొదలైన ఆట అది. రైడర్లందరూ ఒక చిన్న మోటారు బండి వెనక వరసగా తిరుగుతారు. ఆ బండి నెమ్మదిగా మొదలై గంటకు యాభై కిలోమీటర్ల దాకా వేగం పెంచుతుంది. దాన్ని దాటకూడదు. అందరూ ముందువాడి చక్రానికి బెత్తెడు దూరంలో, ఎవరు ఎప్పుడు కదులుతారా అని భుజాల మీంచి చూసుకుంటూ ఉంటారు. బండి ట్రాకు దిగి తప్పుకోగానే ఇక యుద్ధమే. ముందుంటే గాలి మొత్తం నువ్వే కోయాలి, వెనకుంటే దారి మూసుకుపోతుంది. ఎప్పుడు బయటికి రావాలన్నదే ఆట. కాళ్ల బలం ఒక్కటే ఉంటే చాలదు, లెక్క తెలియాలి, మోచేతులు తగిలినా కంగారు పడకూడదు.

ఆ ఫైనల్లో ఎసో రెండో స్థానం. చెక్ రిపబ్లిక్ కుర్రాడు యాకుబ్ ష్తాస్నీ గెలిచాడు. తేడా 0.017 సెకను. పిల్లలకు ఈ అంకె చెబితే అర్థం కాదు. లెక్క కట్టి చూపించండి. గీత దాటే వేగం గంటకు 65 కిలోమీటర్లు అనుకుంటే సెకనుకు సుమారు 18 మీటర్లు. అందులో 0.017 సెకను అంటే ముప్పై సెంటీమీటర్లు. ప్రతి పిల్లాడి జామెట్రీ బాక్సు పక్కన ఉండే పెద్ద స్కేలు ఎంతో అంత! స్టేజీ మీద స్కేలు పైకెత్తి చూపించి, "ప్రపంచ ఛాంపియన్‌కూ మన ఎసోకూ మధ్య ఉన్న దూరం ఇదీ" అనండి, హాలు మొత్తం నిశ్శబ్దమైపోతుంది. ఆ వెండి పతకం సైక్లింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో భారతదేశానికి వచ్చిన మొదటి పతకం. జూనియర్లు, సీనియర్లు, ఆడ, మగ, ఎవరికీ అంతకు ముందు రాలేదు.

మరుసటి ఏడాది జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ ఓడర్ అనే ఊళ్లో అదే ఛాంపియన్‌షిప్. టీమ్ స్ప్రింట్‌లో ఎసో, మణిపూర్ కుర్రాళ్లు రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ కలిసి ఫైనల్లో ఆస్ట్రేలియాను ఓడించి బంగారం తెచ్చారు. ముగ్గురు, మూడు చుట్లు. మొదటివాడు ఒక చుట్టు గాలి కోసి పక్కకు తప్పుకుంటాడు, రెండోవాడు రెండో చుట్టు, మూడోవాడు ఒంటరిగా ముగిస్తాడు. ఆ రోజు పొద్దున వార్త చదివి నేను ఆఫీసులో ఎవరికి చెప్పినా "ఏ ఆట?" అన్నారు. క్రికెట్టులో అండర్ 19 కప్పు గెలిస్తే పటాసులు కాల్చే దేశంలో, ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మీరు ఆ మూల నుంచి ఈ సభ పెడుతున్నారని చదివి చాలా సంతోషపడ్డాను.

ఇంకొకటి, పిల్లలకు సరదాగా ఉంటుంది. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలకు వెళ్లిన మన సైక్లింగ్ జట్టులో ఒక రొనాల్డో ఉన్నాడు, ఒక డేవిడ్ బెక్‌హామ్ ఉన్నాడు. ఫుట్‌బాల్ పిచ్చితో ఇంట్లోవాళ్లు పెట్టిన పేర్లు. బెక్‌హామ్ పూర్తి పేరులో ఎల్కాతోచూంగో అని ఇంటిపేరు ఉంది, దాన్ని కూడా సరిగ్గా పలికించండి. అది వాళ్ల సొంత పేరు, ఫుట్‌బాలర్ పేరు కంటే అదే ముఖ్యం.


జవాబు: సిస్టర్ మేరీ, విజయనగరం

నేను నర్సుగా కార్ నికోబార్‌లో పోస్టింగు చేశాను. పిలవడం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అది చెబుతాను.

నికోబార్‌లో ప్రతి ఊరికీ కెప్టెన్లు ఉంటారు. ఫస్ట్ కెప్టెన్ అంటే ఊరి పెద్ద. వాళ్లపైన ట్రైబల్ కౌన్సిల్. మీరు నేరుగా ఆ పిల్లలకు ఫోను చేయడం తప్పు కాదు గానీ, వాళ్ల ఇంటివాళ్లను పిలవాలంటే ముందు ఊరి కెప్టెన్‌కు ఒక ఉత్తరం పంపండి. చాలా మన్నిస్తారు. అక్కడ కుటుంబం అంటే మన లెక్కలో అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు కాదు. తుహెత్ అంటారు, పెద్ద ఉమ్మడి కుటుంబం, తోటలు కూడా అందరివీ కలిపే. ఒక పిల్లకు సన్మానం అంటే తుహెత్ మొత్తానికి సన్మానం. కాబట్టి "తల్లిదండ్రులను పిలుస్తున్నాం" అని రాయకండి, "మీ కుటుంబం తరఫున ఎవరు వచ్చినా మాకు గౌరవం" అని రాయండి. వచ్చినవాళ్లు తాత కావచ్చు, పిన్ని కావచ్చు, ముందు వరసలో కూర్చోబెట్టండి.

తేదీ కూడా చూసుకోండి. వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు. ఉగాది వచ్చే రోజులు సాధారణంగా వాళ్లకు లెంటు కాలం, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు. పండగ భోజనాలకు కొందరు రారు. రాలేదని తప్పు పట్టకండి, ఓడ టికెట్లు కూడా అంత సులువు కాదని మీకు చెప్పక్కర్లేదు. ఒకవేళ వాళ్లు రాలేకపోతే సభ వీడియో తీసి కెప్టెన్‌కు పంపితే ఊరంతా కూర్చుని చూస్తారు.

సైకిళ్ల గురించి నేను చూసింది ఒకటి. ఆ దీవి మన పోర్ట్ బ్లెయిర్‌లా ఎత్తుపల్లాలు కాదు, అరచేయిలా చదునుగా ఉంటుంది. తీరం వెంట రోడ్డు దీవిని చుట్టి వస్తుంది, రెండు పక్కలా కొబ్బరి తోటలు. నా డ్యూటీ అయ్యేసరికి రోజూ ఆ రోడ్డు మీద పిల్లలు కనిపించేవారు, ముందు ఒకర్ని, వెనక ఒకర్ని కూర్చోబెట్టుకుని, హ్యాండిలుకు కొబ్బరికాయల జతలు వేలాడదీసుకుని, నిలబడి తొక్కుతూ. పెద్దవాళ్ల సైకిళ్లు, కాళ్లు అందవు కాబట్టి సీటు మీద కూర్చునే ప్రశ్నే లేదు. చిన్నప్పటి నుంచీ బరువుతో నిలబడి తొక్కిన కాళ్లవి. ఎసో నాన్నగారు కూడా సైక్లిస్టే అని ఇంటర్వ్యూలో చదివాను. సముద్రం మీదకు వెళ్తే హోడీలు, అంటే పక్కన దుంగ కట్టిన పడవలు. ఆ పడవ పందేల రోజు ఊరు ఊరంతా ఒడ్డున అరుస్తుంటే చూడాలి. బలం, పోటీ తత్వం ఎవరో బయటినుంచి వచ్చి నేర్పినవి కావు అక్కడ. పేద పిల్లలు, కష్టాల్లోంచి వచ్చారు అని మాత్రం చెప్పకండి. ఆ మాట వాళ్లకు నచ్చదు, నిజం కూడా కాదు. తోట ఉంది, పందులున్నాయి, సముద్రం ఉంది, చుట్టూ మనుషులున్నారు. వాళ్లకు దూరమైంది వెలోడ్రోమ్ ఒక్కటే.


శారద, జంగ్లీఘాట్

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రాత్రి ఇదంతా ఇంట్లో పైకి చదివాను. మా అమ్మాయి స్కేలు తెచ్చి టేబులు మీద పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత ఆ ప్రసంగం తనే చెబుతానంది. సరే అన్నాను. పాత కాగితం పక్కన పెట్టేసి కొత్తది ఇద్దరం కలిసి రాస్తున్నాం. మొదటి వాక్యం: "డెబొరా హెరాల్డ్ 500 మీటర్ల టైమ్ ట్రయల్‌లో ప్రపంచంలో నాలుగో స్థానానికి చేరింది." సునామీ మధ్యలో రెండు వాక్యాలు, అంతే. సిస్టర్ గారు చెప్పినట్టు కెప్టెన్‌కు ఉత్తరం హిందీలో రాశాను, హిందీ అయితే అక్కడ అందరికీ అర్థమవుతుంది కదా.

పెద్దాయనకు మాస్టారు గారి జెర్సీ మాట చెప్పాను. వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి "మా చిన్నవాడు కబడ్డీకి వెళ్లినప్పుడు వేసుకున్నది ఇంట్లో ఉంది, చూస్తాను" అన్నారు. పూర్తిగా ఒప్పుకున్నారో లేదో తెలియదు, సభకు మాత్రం వస్తానన్నారు.

ఇప్పుడు ఇంకో సందేహం. కమిటీ కుర్రాళ్లు ఆ రోజు పొద్దున పిల్లలకు సైకిలు రేసు పెడదామంటున్నారు, అబర్దీన్ బజారు నుంచి జంగ్లీఘాట్ దాకా. వాళ్ల ఉత్సాహం మంచిదే గానీ ఆ దిగుడు తలచుకుంటే నాకు గుండె దడ. మరి మెమెంటోకు దాచిన డబ్బు ఉంది. శాలువా, మెమెంటో కాకుండా పనికొచ్చేది ఏమివ్వచ్చు?


జవాబు: డ్రిల్లు మాస్టారు, కంచిలి

ఆ రోడ్డు మీద రేసు వద్దే వద్దమ్మా. పొద్దున్నే బస్సులు, ఆటోలు, పైగా ఆ మలుపు. బ్రేకులు పని చేయని సైకిళ్లు ఎన్ని ఉన్నాయో ఆ కుర్రాళ్లకు తెలీదు, నాకు తెలుసు.

స్కూలు గ్రౌండులో పెట్టండి. డెబొరా పోటీలాగే ఒక్కొక్కరూ విడిగా, గడియారంతో. సున్నంతో గీత గీసి, పెద్దవాళ్లు ఒకరు వెనక నిలబడి సీటు పట్టుకోవాలి, పిల్లాడు రెండు కాళ్లూ పెడల్ మీద పెట్టి లేచి నిలబడాలి. మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టి వదిలేయాలి. తొయ్యకూడదు, వదలాలి, అంతే. చివర యాభై మీటర్ల దగ్గర ఇంకో గీత, దాని తర్వాత ఆగడానికి బోలెడు ఖాళీ ఉంచండి. ఆడపిల్లలను ముందు పిలవండి, లేకపోతే మగపిల్లలు సైకిళ్లన్నీ పట్టుకుని కూర్చుంటారు. ప్రతి పిల్ల టైమూ బోర్డు మీద రాయండి, ఫస్టు సెకండు ఇవ్వకపోయినా పర్లేదు. తన అంకె తను చూసుకుంటే మళ్లీ తొక్కుతానంటుంది.

డబ్బు సంగతి. మెమెంటో ఇంట్లో అలమరాలో చేరుతుంది. ట్రాక్ టైర్లు ఖరీదైనవి, త్వరగా అరిగిపోతాయి, మెయిన్‌ల్యాండ్ నుంచి తెప్పించాలి. ఇప్పుడు దీవుల్లో సైక్లింగ్ నేర్చుకుంటున్న పిల్లల కోచ్‌ను అడిగి, ఏ సైజు కావాలో రాయించుకుని, ముగ్గురు సైక్లిస్టుల పేరు మీద ఆ పిల్లలకు ఇవ్వండి. రమేశ్ గారూ, హైదరాబాదులో ఏ షాపులో దొరుకుతాయో మీకు తెలుసనుకుంటాను. శారదమ్మకు చెప్పండి, పార్శిలు విశాఖ ఓడకు అందేలా చూద్దాం. విశాఖలో ఓడకు చేర్చే పని నేను చూసుకుంటాను.


జవాబు: ఫిక్సీ రమేశ్, తార్నాక

దొరుకుతాయి మాస్టారూ. సైజు రాగానే చెప్పండి. రిమ్ముకు అంటించే ట్యూబులర్ టైరా, లోపల ట్యూబు వేరుగా ఉండే మామూలు క్లించరా అన్నది తప్పకుండా అడగమనండి, రెండింటికీ రిమ్ములు వేరు.